సెలవు పద్యం

ఐనవిల్లిలో నాటకమైన మర్నాడు పొద్దున్న, హార్మనీ రాఘవులు గారి వీధి అరుగు మీద.

“అది కాదండి మేష్టారూ. బాగా పాడేనా లేదా అని కాదు నేనడిగేది. ఏం పాడేనూ అని.”

“బాగా పాడేవు.”

“ఆయ్, అది అందరూ చెప్పేరు. ఏం పాడేనండీ?”

“కూచో మాణిక్యాలరావూ. కాఫీ తాగుతావా?”

“నేను కాఫీ మానేసి నాలుగేళ్ళయింది. మీకు తెలీదా? గొంతుకి పడదు.”

“నాటకం అయిపోయిందిగా.”

“అయిపోతే? నాటకాల కంట్రాక్టరు గారు ఇంకా ప్రెసిడెంటు గారింట్లోనే ఉన్నారు. మధ్యాహ్నం రేవులో పంటు ఎక్కి, గోదారి దాటి కోటిపల్లి వెళ్ళిపోతారంట. ఆ లోపల వచ్చి, రాత్రి పాడిన పద్యం ఇంకోసారి వినిపించమన్నారు. వినిపిస్తే ఈ సీజనుకి రాజు వేషం నీదే, కాకినాడ తీసుకుపోతానన్నారు.”

“మంచిదేగా. వెళ్ళి వినిపించు.”

“ఏం వినిపించనండీ?”

“ఆ పద్యమే.”

“ఏ పద్యం?”

“రాత్రి పాడిందే.”

“మేష్టారూ, నాకు కోపం తెప్పించకండి. పొద్దున్నే కోపం తెచ్చుకుంటే గొంతు బిగుసుకుంటుంది. రాత్రి నేను పాడాల్సింది సెలవు పద్యం. రాజుగారు రాజ్యం పోగొట్టుకుని, రాణీగారి దగ్గర సెలవు తీసుకుని, అడవికి వెళ్ళిపోయే పద్యం. అవునా?”

“అవును.”

“అది నేను పాడలేదు.”

“పాడలేదు.”

“వేరే ఏదో పాడేను.”

“పాడేవు.”

“అదేంటో నాకు ఒక్క ముక్క గుర్తు లేదండీ! నోరు తెరిచేను, అక్కడి వరకూ తెలుసు. తర్వాత జనం ఈలలు, చప్పట్లు. మధ్యలో ఏం జరిగిందో నాకు తెలీదు.”

“ఆ మాట కంట్రాక్టరుతో చెప్పకపోయావా?”

“ఎలా చెప్తానండీ? ‘అది నీ సొంత కవిత్వమా’ అని అడిగేరు. ‘ఆయ్’ అన్నాను. నోటికొచ్చేసింది.”

“ఈ మధ్య నోటికొచ్చినవన్నీ అనేస్తున్నావు.”

“ఈ మధ్యేంటండీ, రాత్రి ఒక్కసారేగా! జన్మలో ఎప్పుడైనా ముందు అనుకోకుండా ఒక్క పని చేసేనా నేను? గాంధీగారు పోయిన ఏడు మొదలెట్టేను ఈ సాధన. తెల్లారగట్ల కాలవలో దిగి, పీకల్లోతు నీళ్ళలో నిలబడి, ఎండనక వాననక...”

“కాలవలకి నీళ్ళు కట్టేసిన నెలల్లో ఏం చేసేవాడివి?”

“దొడ్లో నీళ్ళ గోళెంలో కూచునేవాణ్ణి.”

“అవును, చూసేను. తల ఒక్కటే పైకి కనపడేది. ఎవరో పుచ్చకాయ నానేసుకున్నారనుకున్నాను.”

“నవ్వండి. అందరూ నవ్వేరు. పులుపు మానేసేను. పెరుగు మానేసేను. ఆవకాయ మానేసేను.”

“ఆవకాయ మానేసేవని తెలిసినప్పుడు ఊళ్ళో ఎవరూ నవ్వలేదులే. కొంతమంది మీ ఇంటికొచ్చి పలకరిద్దామనుకున్నారు.”

“ఒక పద్యం ఖాయంగా వచ్చేదాకా రెండోది ముట్టుకోలేదు. ఎక్కడ ఊపిరి తియ్యాలో, ఎక్కడ ఎడంకాలు ముందుకెయ్యాలో, ఏ మాట దగ్గర కళ్ళల్లో నీళ్ళు తెప్పించుకోవాలో, అన్నీ ఏర్పాటే.”

“వన్సుమోరు కూడా ఏర్పాటేగా.”

“ఎవరు చెప్పేరు మీకు?”

“మూటలు మోసే సత్తియ్యే చెప్పేడు. చుట్టల కట్ట కొనిచ్చేవంట. సెలవు పద్యం అవగానే వన్సుమోరని గట్టిగా అరవమన్నావంట.”

“అందరు యాక్టర్లూ చేసే పనేగదండీ అది.”

“తప్పని ఎవడన్నాడు? రాత్రి నువ్వు పాడేసరికి ఊరు ఊరంతా లేచి వన్సుమోరని అరిచింది, సత్తియ్య తప్ప.”

“వాడెందుకు అరవలేదూ?”

“‘నాకు చెప్పింది సెలవు పద్యానికండీ, సెలవు పద్యం రాలేదుగా’ అంటాడు. ఎప్పుడొస్తుందో అని జనం వెళ్ళిపోయినా కాసుక్కూచున్నాడు పాపం. పొద్దున్నే వచ్చి చుట్టలు తిరిగిచ్చేసేడు. అవిగో, గూట్లో పెట్టేను.”

“ఊరంతా అరిచిందా? నిజంగా?”

“నిజంగానే.”

“మరి నేనేం చేసేను?”

“నిలబడ్డావు. మళ్ళీ పాడలేదు.”

“గుర్తు లేదుగా మరి!”

“వాళ్ళకేం తెలుసు? పొగరనుకున్నారు. కంట్రాక్టరైతే, ‘వన్సుమోరుకి లొంగని యాక్టర్ని ఇన్నేళ్ళలో ఇతన్నొక్కణ్ణే చూసేను’ అని నా దగ్గర ఒకటే పొగుడుతున్నాడు.”

“చంపేసేరు. మేష్టారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను. నా వెనకాలే కూచుని హార్మనీ వాయించేరు కదా. మొత్తం పద్యం వద్దు. మొదటి మాట అందించండి, మిగతాది నేను లాక్కొచ్చుకుంటాను.”

“నాకు మాటలు వినపడవయ్యా. ఇన్నేళ్ళు హార్మనీ తొక్కినవాడికి రాగం వినపడుతుంది గానీ మాటలు వినపడవు.”

“ఇప్పుడు నా మాటలు వినపడుతున్నాయిగా?”

“హార్మనీ మూసి ఉందిగా.”

“మీరు దాస్తున్నారు.”

“నేనేం దాస్తాను? దాచుకోడానికి నా దగ్గరేముంది? నీలాగా నేనెప్పుడూ ఏ ఏర్పాటూ చేసుకోలేదు. చెయ్యి ఎటు పోతే అటు వాయించేను, ఎవడు పిలిస్తే వాడితో పోయేను. సొంత కంపెనీ పెడదామనుకుంటూనే ఉన్నాను. అనుకుంటూ అనుకుంటూ ఈ అరుగు మీదకొచ్చి కూచున్నాను. కాఫీ అయినా తాగు.”

“వద్దండీ. సరే, ఒక పద్ధతి ప్రకారం వెతుకుదాం. తెర వెనకాల ప్రాంప్టరు ఉన్నాడు. పొద్దున్నే అతన్నడిగేను.”

“ఏమన్నాడు?”

“అది పుస్తకంలో లేదు గనక తనకి సంబంధం లేదన్నాడు. నేను పాడినంతసేపూ ఏ పేజీలో ఉందో అని వెతుక్కుంటూనే ఉన్నాడంట.”

“నిజమే. పేజీల గాలి నాక్కూడా తగిలింది.”

“తర్వాత బంగారరాజు. రాణి వేషం వేసుకుని నా ఎదురుగుండా నిలబడ్డాడు. అన్నీ విని ఉంటాడు. వాళ్ళింటికెళ్ళేను. గెడ్డం గీసుకుంటున్నాడు. నన్ను చూసి సిగ్గుపడ్డాడు.”

“సిగ్గుపడ్డాడా?”

“ఆయ్. తల ఒంచేసుకుని లోపలికి పోయేడు. వాడికేమైందండీ? నేను సెలవు తీసుకోగానే వాడు ‘హా నాథా’ అని అరిచి మూర్ఛపోవాలి. పోయేడా?”

“పోలేదు.”

“మరి?”

“కాసేపు నీ మొహం చూసేడు. ‘ఆయ్’ అని లోపలికెళ్ళిపోయేడు.”

“మహారాణి ‘ఆయ్’ అందా!”

“అంది. మైకులో ఆఖరి బల్ల దాకా వినపడింది.”

“మైకులోనా? మరి మైకు చెడిపోయింది గనక అడవి రంగం వెయ్యకుండా ఆపేసేమని చెప్పేరేం నాతో?”

“...కాఫీ చల్లారిపోతోందయ్యా.”

“అసలు అడవి రంగం ఎందుకాపేరండీ? జోజి నా మీద మండిపడుతున్నాడు. దారిలో కనపడితే మొహం తిప్పేసుకున్నాడు. మొహానికి ఇంకా ఆ బోయవాడి మసి అలాగే ఉంది.”

“ఉండదా మరి? రాయవరం పోయి చుట్టాల్ని బతిమాలి నిజం విల్లు తెచ్చుకున్నాడు. రాజు అడవికి రాకపోతే బోయవాడికేం పని?”

“రాజు అడవికి రాకపోవడమేంటండీ?”

“రంగం వెయ్యలేదుగా. అదే అంటున్నాను.”

“మేష్టారూ, ఊళ్ళో అందరూ నన్ను చూసి ఏదోలా ఉన్నారు. మొగాళ్ళు నవ్వుతున్నారు. ఆడోళ్ళు కొంగు అడ్డం పెట్టుకుంటున్నారు. పక్కింటి వీరాయమ్మ గారైతే నన్ను చూడగానే కళ్ళు తుడుచుకున్నారు. బూతులేమైనా పాడేనాండీ?”

“ఛ ఛ. బూతులు కాదు.”

“హమ్మయ్య. చూసేరా, బూతులు కాదని తెలిసిందంటే మాటలు వినపడ్డట్టేగా?”

“బూతులైతే వినపడేవి.”

“పోనీ రాగం చెప్పండి. రాగం పట్టుకుంటే మాటలు అవే వస్తాయి.”

“అదైతే చెప్తాను. ముఖారిలో అందుకున్నావు.”

“సెలవు పద్యానిదీ ఆ ఏడుపు రాగం ముఖారేగదండీ! సగం దొరికేసినట్టే.”

“సగం దాకా ముఖారి. తర్వాత మోహనలోకి దిగేవు.”

“మోహనా?”

“మోహన.”

“పెళ్ళాన్ని వదిలేసి అడవికి పోయేవాడు సంతోషపు రాగం మోహన ఎందుకు పాడతాడండీ?”

“పాడడు.”

“మరి నేనెందుకు పాడేను?”

“అదే నేనూ అనుకున్నాను. అనుకుంటూనే నీ వెనకాల వచ్చేను. ఎటు పోతావో తెలీక కాళ్ళు తొక్కుతున్నాయి, చేతులు భయపడుతున్నాయి. చాలా రోజులైంది నా చేతులకి అంత భయమేసి.”

“వాయించండి ఓసారి.”

“ఇదిగో. ఇలా మొదలెట్టేవు... ఇక్కడ ఆగి చూసేవు... ఇక్కడ దిగేవు...”

“‘సెలవిమ్ము దేవీ, సెలవిమ్ము...’ లేదండీ. కూచోడంలేదు. మాటలు తక్కువైపోతున్నాయి. ‘ఏలినవాడను నేలను’... ఊహూఁ.”

“ఆఖర్ని చిన్న మాట ఒకటుంది. దాని మీదే నిలబడిపోయేవు. ఇలా... ఇలా... మళ్ళీ ఇలా.”

“ఏమై ఉంటుందండీ ఆ మాట?”

“నాకేం తెలుసు?”

“‘సెలవు’ అని పెట్టి చూడనా?”

“మోహనలో సెలవా? పెట్టి చూడు.”

“...లేదండీ. ఏడుపొస్తోంది గానీ మాట రావడంలేదు.”

“అసలు నీ పద్యం నీకెందుకు పోయిందో చెప్పు. నాలుగేళ్ళు నీళ్ళలో నానబెట్టిన పద్యం.”

“చెప్తాను. ఎడంకాలు ముందుకేసేను. ఆడోళ్ళు కూచున్న వైపు తిరిగేను. అదీ ఏర్పాటే, అప్పుడే ఆడోళ్ళు ఏడుస్తారు. తిరిగేసరికి మొదటి వరసలో సీతారత్నం.”

“మీ ఆవిడేగా?”

“మా ఆవిడే. కానీ ఆవిడ ఏర్పాట్లో లేదండీ! ఇన్నాళ్ళలో నా నాటకానికి ఒక్కసారీ రాలేదు. నేనే రావద్దన్నాను. ఎదురుగా కూచుంటే దృష్టి చెదురుతుందన్నాను. ‘ఆయ్’ అంది. అలాంటిది రాత్రి ఎందుకొచ్చిందో.”

“మా ఆవిడ కనకమ్మ తీసుకొచ్చింది.”

“కనకమ్మ గారెందుకు తీసుకొచ్చేరండీ?”

“ఏమో. నెల్లాళ్ళుగా ఇద్దరూ దొడ్డివైపు కూచుని ఏవో మాటాడుకుంటున్నారు. నేను వెళ్తే పప్పు గురించి మాటాడతారు.”

“నన్ను చూసి సీతారత్నం పెదాలు కదిపింది. ఏదో అంది. అంతే, నా బుర్ర ఖాళీ అయిపోయింది.”

“ఇంటికెళ్ళి అడిగేవా?”

“ఏమని?”

“నేనేం పాడేనే అని.”

“నా పద్యం నేను పెళ్ళాన్ని అడగాలా మేష్టారూ? అయినా దానికేం తెలుసు పద్యాల సంగతి?”

“తెల్లారగట్ల కాలవ గట్టున లాంతరు పట్టుకుని నిలబడేదెవరు?”

“అదే. పాములుంటాయి కదండీ.”

“రోజూనా?”

“గోళెం రోజులు తప్ప. అప్పుడు నీళ్ళు తోడి పోసేది.”

“నువ్వు కాకినాడ పోతే ఇక్కడావిడ గతేంటి?”

“గతేంటంటారేంటండీ. కంట్రాక్టరు గారొస్తారని తెలిసినప్పుడే, నెల కిందటే చెప్పేను. మిల్లులో ఉద్యోగం మానేస్తాను, సీజనయ్యేదాకా కంపెనీతో తిరుగుతాను, నువ్విక్కడుండు అన్నాను.”

“ఏమంది?”

“‘ఆయ్’ అంది.”

“పెళ్ళాంతో వచ్చే యాక్టర్లకి కంట్రాక్టరు కాకినాడలో గది ఇప్పిస్తాడు. నీకు తెలుసా?”

“తెలిసి మనకేం లాభమండీ? ఇంట్లో గేదె ఉంది. అది సీతారత్నం చెయ్యి తప్ప ఒప్పదు. ఇంకోళ్ళు పొదుగు ముట్టుకుంటే పాలు చేపదు, తన్నుతుంది. సొంత చెల్లెలి పెళ్ళికే పొద్దున్న వెళ్ళి, సాయంత్రం పాలు తీసే వేళకి ఇంటికొచ్చేసింది. భోజనం కూడా చెయ్యలేదు. గేదె ఉన్నంతకాలం సీతారత్నానికి ఊరు దాటే మాటే లేదు.”

“ఆవిణ్ణి అడిగేవా?”

“గేదెనా?”

“సీతారత్నాన్ని.”

“అడగడానికేముందండీ అందులో. మీరు మాట మారుస్తున్నారు. పొద్దెక్కిపోతోంది. ఆ మోహన ఇంకోసారి వాయించండి.”

“వాయిస్తాను గానీ, అదిగో, వస్తోంది.”

“మాట వస్తోందా?”

“మీ ఆవిడ వస్తోంది. రా అమ్మాయ్, సీతారత్నం. మా కనకమ్మ లోపలుంది, వెళ్ళు.”

“పిన్నిగారి కోసం కాదండి బాబాయిగారూ. ఈయన కోసం వచ్చేను. ఏమండీ, ప్రెసిడెంటు గారింటి నుంచి మనిషొచ్చేడు. కంట్రాక్టరు గారు రేవుకి బయల్దేరిపోతున్నారంట. ఎలాగూ మీరూ ఆయనతోనే దాటాలి గనక, పద్యం రేవులోనే వింటానన్నారంట.”

“వస్తానని చెప్పు. నువ్వెళ్ళు. నాకిక్కడ పనుంది.”

“ఏం పనండీ?”

“సంగీతం పని. నీకు తెలీదు.”

“ఆయ్.”

“పద్యం మర్చిపోయేడమ్మా.”

“మేష్టారూ!”

“ఏ పద్యమండీ? సెలవు పద్యమా? అది నాకు వచ్చండీ.”

“నీకొచ్చా?”

“మీకొచ్చినవన్నీ నాకూ వచ్చండీ. గట్టు మీద నిలబడి వింటూనే ఉన్నానుగా. రాత్రి మీరు ఆగిపోతే నేనే అందించేను. ‘సెలవిమ్ము దేవీ’ అని పెదాలతో అన్నాను. మీరు నా వైపే చూసేరు కూడాను.”

“అదా నువ్వన్నది!”

“ఆయ్. ఏమనుకున్నారండీ?”

“ఏమో. వెళ్ళమంటున్నావనుకున్నాను.”

“వెళ్ళమనేగదండీ ఆ పద్యం.”

“అది కాదమ్మా సీతారత్నం. ఇతను మర్చిపోయింది సెలవు పద్యం కాదు. దాని బదులు పాడేడు చూడు, అది.”

“అదాండీ.”

“అది గుర్తుందా నీకు?”

“గుర్తుందండీ.”

“మొత్తమా?”

“ఆయ్.”

“మరి పొద్దున్నుంచీ చెప్పవే!”

“మీరు అడగలేదు కదండీ.”

“ఇప్పుడడుగుతున్నాను. చెప్పు.”

“ఇక్కడా? బాబాయిగారున్నారండీ.”

“నాకు మాటలు వినపడవులేమ్మా.”

“ఊరంతా విన్నదే కదండీ. ఇప్పుడు మళ్ళీ నేను చెప్పడమెందుకు?”

“నేను వినలేదే! ఊళ్ళో నేనొక్కణ్ణే వినలేదు!”

“‘వెళ్ళమంటివి దేవీ’ అని మొదలెట్టేరండీ.”

“వెళ్ళమంటివి దేవీ. ఆఁ. తర్వాత?”

“‘వెళ్ళమంటివి దేవీ, వెళ్ళి ఏమి చేతును?’ అన్నారు. తర్వాత... ‘తెల్లవారక మునుపు నేను నీట నిలిచినవేళ, గట్టున దీపము పట్టి వణికినది నీవు గాదా’ అన్నారు.”

“రాజుగారు నీళ్ళలో ఎందుకు నిలబడ్డారే?”

“నాకేం తెలుసండీ. మీరే అన్నారు.”

“ఎవరూ అనుమానపడలేదులేవయ్యా. రాజులన్నాక ఏవో చేస్తారు. చెప్పమ్మా.”

“మీకు మాటలు వినపడవన్నారుగా మేష్టారూ?”

“ఆవిడ చెప్తే కొంచెం వినపడుతున్నాయి.”

“తర్వాత, ‘నేను ఆవకాయ మానితే నీవును మానితివి, నేను చప్పిడి తింటే నీవును చప్పిడి తింటివి’ అన్నారు.”

“ఆవకాయా? మహారాజు నోట్లోంచి ఆవకాయ వచ్చిందా?”

“ఆయ్. అక్కడే వీరాయమ్మ గారు ఏడ్చేసేరు.”

“నువ్వు ఆవకాయ మానేసేవా?”

“మీరు మానేసేక నేనొక్కదాన్నీ కలుపుకుని ఏం తింటానండీ.”

“నాకు తెలీదే.”

“తెలీకుండా ఎలా పాడేరండీ మరి?”



“అక్కడే ముఖారి అయిపోయిందయ్యా. మోహన అక్కణ్ణుంచే.”

“తర్వాతేమన్నాను?”

“తర్వాతది వద్దండీ.”

“చెప్పవే. ఆఖర్ని ఒక చిన్న మాటుందంట. అదొక్కటీ చెప్పు.”

“‘వెళ్ళను’ అన్నారండీ.”

“వెళ్ళనా?”

“ఆయ్. ‘రాజ్యము పోయిన పోనీ, నిన్ను విడిచి వెళ్ళను’ అన్నారు. తర్వాత ఆ ‘వెళ్ళను’ ఒక్కటే చాలాసేపు అన్నారు. నా వైపే చూసి అన్నారు. బంగారరాజు గారు అటుపక్కున్నారు.”

“రాజుగారు అడవికి వెళ్ళనన్నాడా! మేష్టారూ, ఇది నిజమా?”

“నిజమే. వెళ్ళననేసేవు. ఆ మాటకి రాణి ఏమంటుంది? ‘ఆయ్’ అని లోపలికెళ్ళిపోయింది. రాజు వెళ్ళనన్నాక మేమేం చేస్తాం? తెర దించేసేం. రాజ్యం పోయింది గానీ ఎవరూ ఎక్కడికీ పోలేదు. జనం సంతోషంగా పెళ్ళాల్ని తీసుకుని ఇళ్ళకి పోయేరు. జోజికొక్కడికే అన్యాయం జరిగింది.”

“ఇంత తెలిసి పొద్దున్నుంచీ నాకెందుకు చెప్పలేదండీ?”

“నాకు పాడలేదుగా నువ్వు. ఎవరికి పాడేవో వాళ్ళు చెప్పాలి. పైగా నేను చెప్తే నువ్వేం చేస్తావు? దానికీ ఊపిరెక్కడ తియ్యాలో, కాలెక్కడ వెయ్యాలో రాసుకుని, గోళెంలో కూచుంటావు.”

“కంట్రాక్టరు గారికి కావలసింది ఆ పద్యమేనా?”

“అదే. ఊరూరా అదే పాడిస్తానన్నాడు. ఇహ నాటకంలో అడవి ఉండదు. జోజికి కబురు చెయ్యాలి.”

“అంటే, నేను కాకినాడ వెళ్ళాలంటే, రేవులో నిలబడి, సీతారత్నం వింటూ ఉండగా, ‘నిన్ను విడిచి వెళ్ళను’ అని పాడాలి.”

“అవును.”

“పాడేసి పంటు ఎక్కెయ్యాలి.”

“ఎక్కాలి మరి. మధ్యాహ్నం అదొక్కటే పంటు.”

“ఇదేం పద్యమండీ!”

“నీ సొంత కవిత్వమేగా.”

“నాలుగేళ్ళు దీనికోసమే బతికేనండీ. పొద్దున్న లేస్తే ఇదే, పడుకుంటే ఇదే. అన్నీ సరిగ్గా పెట్టుకున్నాను. ఒక్కటీ తప్పలేదు.”

“శృతి కూడా తప్పలేదయ్యా. నిజం చెప్తున్నాను. నువ్వు నీళ్ళలో నానింది ఊరికే పోలేదు. ఎటు పోతున్నావో నీకూ తెలీదు, నాకూ తెలీదు గానీ, గొంతు మాత్రం ఎక్కడా జారలేదు. మాటలే నీ ఏర్పాట్లోంచి తప్పించుకొచ్చేసేయి.”

“పాడలేనండీ.”

“రాత్రి పాడేవుగా.”

“రాత్రి నాకు తెలీదు. ఇప్పుడు తెలిసిపోయింది. ముఖారిలో ఎన్ని అబద్ధాలైనా పాడతాను, అది వేషం. మోహనలో అబద్ధం నావల్ల కాదు. దీన్నిక్కడ లాంతరిచ్చి వదిలేసి, కాకినాడలో రోజూ పూలదండేసుకుని ‘వెళ్ళను వెళ్ళను’ అంటే గొంతు పలుకుతుందాండీ? నీళ్ళలో ఎంత నిలబడితే మాత్రం?”

“తొందరపడకు. కాఫీ తాగు.”

“తాగుతాను. ఇవ్వండి. ఇంక దేనికి మానెయ్యాలి? సీతారత్నం.”

“ఆయ్.”

“ఇంట్లో పెరుగుందా?”

“పెరుగెందుకండీ?”

“అన్నంలోకి. ఆవకాయ కూడా తియ్యి. ఇద్దరం తిందాం. కంట్రాక్టరు గారికి గొంతు పట్టేసిందని కబురు పంపిస్తాను. రేపణ్ణుంచి మిల్లుకెళ్తాను.”

“పెరుగు లేదండీ.”

“గేదె ఉన్న ఇంట్లో పెరుగు లేకపోవడమేంటే?”

“ఇంట్లో గేదె లేదండీ.”

“ఏమైంది?”

“పొద్దున్నే తీసుకెళ్ళి వీరాయమ్మ గారి దొడ్లో కట్టేసొచ్చేను. సీజనయ్యేదాకా అక్కడే ఉంటుంది.”

“నీకు మతిపోయిందా? అది నీ చెయ్యి తప్ప ఒప్పదుగా!”

“నెల్లాళ్ళ నుంచీ పక్కన కూచుని వీరాయమ్మ గారి చెయ్యి అలవాటు చేస్తున్నానండీ. ఇప్పుడు ఆవిడకీ పాలు చేపుతోంది. లేవండి, సత్తియ్య మన ట్రంకు పెట్టెలు, మీదీ నాదీ రెండూ నెత్తిన పెట్టుకుని రేవుకి పోయి చాలాసేపయింది.”